డిసెంబర్ 18 సెలవు ఎవరి పుణ్యం?

పోయిన నేషనల్ డే నాడు మా పదేళ్ళ వాణ్ణి తీసుకుని వక్రాలో మెట్రో ఎక్కాను. రైలంతా మెరూన్, తెలుపు రంగులే. పిల్లల బుగ్గల మీద జెండాలు, మెడల్లో జెండాలు, తెల్లటి దుస్తుల్లో చెక్క కత్తులు పట్టుకున్న బుడతలు. మావాడు కూడా ఒక చిన్న జెండా ఊపుతూ కాసేపు సంబరపడ్డాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి అడిగాడు.

"నాన్నా, ఖతార్‌కి ఇండిపెండెన్స్ వచ్చింది సెప్టెంబర్ 3న కదా, మా సోషల్ పుస్తకంలో ఉంది. మరి పండగ డిసెంబర్ 18న ఎందుకు?"

ఎవరో రాజుగారు గద్దె ఎక్కిన రోజులే అని దాటేశాను. మనసు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళుగా ఈ దేశపు జీతం తింటున్నాను, ఇక్కడి ఎండా ఏసీ రెండూ అలవాటయ్యాయి. అయినా ఈ సెలవు ఎందుకిస్తున్నారో పిల్లవాడికి చెప్పలేకపోయాను. మనలో చాలామంది పరిస్థితి ఇదేనని నా అనుమానం. డిసెంబర్ 18 అనగానే మనకి గుర్తొచ్చేది లాంగ్ వీకెండ్, లేదంటే 2022లో అదే రోజు లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఆడిన ఫైనల్.

ఆ రాత్రి ఖతార్ డిజిటల్ లైబ్రరీ తెరిచాను. ఖతార్ ఫౌండేషన్, బ్రిటిష్ లైబ్రరీ కలిసి 2014లో మొదలుపెట్టిన ఈ వెబ్‌సైట్‌లో గల్ఫ్ గురించి ఆనాటి బ్రిటిష్ ఇండియా అధికారులు రాసుకున్న కాగితాలు వేలకొద్దీ పేజీలు ఉచితంగా చదువుకోవచ్చు. ఎమ్మెస్ చేసే రోజుల్లో థీసిస్ కోసం కూడా అంత శ్రద్ధగా చదవలేదేమో! అక్కడ దొరికిన కథ ఇది. పక్కరాజ్యాల దాడి, పరాయి దేశపు యుద్ధనౌకలు, రెండు ఊళ్ళ వినాశనం, వీటన్నిటి మధ్య బయటి ప్రపంచానికి పేరు తెలియని ఒక ముత్యాల వ్యాపారి దేశనాయకుడైన కథ. తమాషా ఏమిటంటే దీని ఆనవాళ్ళన్నీ మనం రోజూ ఎక్కే రెడ్ లైన్ మీదే ఉన్నాయి. వక్రా, అల్ బిద్దా, లుసైల్!

అసలు ఖతార్ అనే దేశమే లేని రోజులు

ముందుగా ఒక మాట గుర్తు పెట్టుకోండి. 1868కి ముందు ఖతార్ అంటే ఒక తీరం పేరు మాత్రమే. అల్ బిద్దా, దోహా, వక్రా, జుబారా, ఫువైరిత్ లాంటి ఊళ్ళు, ఊరూరా ఒక తెగ, తెగకో పెద్ద. వీళ్ళందరి మీదా ఒక రాజు లేడు. 1783లో జుబారా నుంచి వెళ్ళి బహ్రెయిన్‌ని గెలుచుకున్న అల్ ఖలీఫా వంశం వారు ఈ తీరం కూడా తమదేనని భావించేవారు. లోపలి ఎడారి వైపు నుంచి రియాద్‌లోని సౌదీ అమీర్లు తమకి జకాత్ కట్టాలనేవారు. సముద్రం మీద మాత్రం బ్రిటిష్ వాళ్ళదే పెత్తనం.

ఈ బ్రిటిష్ పెత్తనానికి మన దేశంతో గట్టి సంబంధం ఉంది. గల్ఫ్ వ్యవహారాలు చూసే రెసిడెంట్ అనే అధికారి ఇరాన్ తీరంలోని బుషెహర్‌లో ఉండేవాడు. ఆయన లండన్‌కి కాక, ఆ రోజుల్లో బొంబాయి ప్రభుత్వానికి జవాబుదారీ. మన హైదరాబాద్ కోఠీలో నిజాం పక్కన రెసిడెంట్ ఉండేవాడే, అదే పద్ధతి. మనకి కోఠీ రెసిడెన్సీ ఎలాగో గల్ఫ్‌కి బుషెహర్ రెసిడెన్సీ అలాగ.

ఇండియాకి వచ్చీపోయే ఓడలకి దారిలో గొడవలు ఉండకూడదు. బ్రిటిష్ వాళ్ళకి కావలసింది అంతే. ఎడారిలో ఎవరు ఎవరిని కొట్టుకున్నా వాళ్ళకి పట్టదు, సముద్రం మీద కొట్టుకుంటే మాత్రం ఊరుకోరు. 1820లో గల్ఫ్ షేక్‌లతో ఒక ఒప్పందం రాయించుకున్నారు. మరుసటి ఏడాది, 1821లో, దాన్ని ఉల్లంఘించారంటూ ఈస్టిండియా కంపెనీ వారి 'వెస్టల్' అనే నౌక వచ్చి దోహా మీద ఫిరంగులు పేల్చింది. అలాంటి ఒప్పందం ఒకటి ఉందన్న సంగతే ఆ ఊరివాళ్ళకి తెలియదు! తమ తరఫున ఎవరూ సంతకం పెట్టని కాగితానికి తాము శిక్ష అనుభవించడమన్నమాట. ఈ ముక్క గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ పనికొస్తుంది.

ఒక ముత్యాల వ్యాపారి

మన కథానాయకుడి పేరు మొహమ్మద్ బిన్ థానీ. సొంత ఊరు ఉత్తర తీరంలోని ఫువైరిత్. పూర్వీకులు నజ్ద్ ప్రాంతం నుంచి వలస వచ్చినవారు. ఆయన దోహాకి మారింది 1847, 48 ప్రాంతంలో. అప్పటికే అరవైకి దగ్గర పడిన మనిషి, మన లెక్కలో రిటైర్ అయ్యే వయసు.

ఆ సమయానికి దోహాలో పెద్దదిక్కు లేదు. అక్కడ బలంగా ఉన్న ఈసా బిన్ తరీఫ్ అనే నాయకుడు 1847లో ఉమ్ సువయ్యా దగ్గర బహ్రెయిన్ వాళ్ళతో యుద్ధం చేసి చనిపోయాడు. ఆ ఖాళీలోకి మొహమ్మద్ బిన్ థానీ నెమ్మదిగా వచ్చాడు. కత్తి తిప్పి గెలుచుకున్నది ఏమీ లేదు. ముత్యాల వ్యాపారం, నలుగురి తగాదాలు తీర్చే ఓర్పు, ఎవరితో ఎప్పుడు కలవాలో తెలిసిన లెక్క, ఇవే ఆయన ఆస్తి. 1851లో సౌదీ అమీర్ ఫైసల్ బిన్ తుర్కీ సైన్యంతో వచ్చినప్పుడు ఆయన పక్షాన నిలబడి బహ్రెయిన్‌ని ఎదిరించాడు. రాజీ కుదిరాక మళ్ళీ తన వ్యాపారం తను చూసుకున్నాడు.

1863లో పాల్‌గ్రేవ్ అనే ఇంగ్లీష్ యాత్రికుడు అల్ బిద్దా వచ్చి ఆయన్ని కలిశాడు. ఆయన రాసినదాన్ని బట్టి చూస్తే ఈ పెద్దాయన అరబ్ రాజులా కన్నా ఆచితూచి బేరమాడే ముత్యాల షావుకారులాగే కనిపించాడట. ఊరంతా ముత్యాలకి బానిసలం అన్న అర్థం వచ్చే మాట కూడా ఆయన అన్నట్టు ఆ యాత్రికుడు రాశాడు.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. ఎండాకాలం నాలుగు నెలలూ మగవాళ్ళంతా పడవల్లోనే. ముక్కుకి క్లిప్పు, కాలికి రాయి కట్టుకుని ఊపిరి బిగబట్టి మునగడం. సీజన్‌కి ముందు అడ్వాన్సు తీసుకోవడం, సీజన్ అయ్యాక అప్పు తీరక మళ్ళీ అదే పడవ ఎక్కడం. వాళ్ళలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు కూడా ఉండేవారు. ఖతార్‌లో బానిసత్వం రద్దయింది 1952లో. ఇలా తీసిన ముత్యాలు బొంబాయి చేరేవి. మన చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో 'బస్రా ముత్యాలు' అని అమ్మ వాళ్ళు మురిసిపోయి కొనుక్కున్నవి గల్ఫ్ ముత్యాలే. ఇక్కడి డైవర్ ఊపిరి అక్కడి పెళ్ళికూతురి మెడలోకి చేరేది.

1867: రెండు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి

గొడవ ఒక్క మనిషితో మొదలైంది. వక్రాలో బహ్రెయిన్ పాలకుడి ప్రతినిధిగా అహ్మద్ అనే బంధువు ఉండేవాడు. ఆయన నయీమ్ తెగకి చెందిన ఒక బెదూయిన్‌ని పట్టుకుని బహ్రెయిన్‌కి పంపేశాడు. ఖతార్ తెగలు మండిపడ్డాయి. మొహమ్మద్ బిన్ థానీ కూడా వాళ్ళతో కలిశాడు. అహ్మద్ వక్రా వదిలి పారిపోవలసి వచ్చింది.

బహ్రెయిన్ పాలకుడు మొహమ్మద్ బిన్ ఖలీఫా మొదట మెత్తగా మాట్లాడాడు. ఆ బెదూయిన్‌ని వదిలేశాడు. మాట్లాడుకుందాం రమ్మని మొహమ్మద్ బిన్ థానీ కొడుకు జాసిమ్‌ని బహ్రెయిన్‌కి పిలిచాడు. పిలిచి జైల్లో పెట్టాడు!

1867 అక్టోబర్‌లో దాడి జరిగింది. బహ్రెయిన్ నుంచి 24 పడవల్లో 500 మంది, వాళ్ళకి తోడుగా అబుదాబి నుంచి 70 పడవల్లో 2,000 మంది వచ్చారని బ్రిటిష్ రికార్డులు చెబుతున్నాయి. దోహాని, వక్రాని దోచుకుని, ఇళ్ళు పీకేసి, జనాన్ని తరిమేశారు. లోరిమర్ అనే ఐసీఎస్ అధికారి తర్వాతి కాలంలో కలకత్తా ప్రభుత్వం కోసం తయారుచేసిన గల్ఫ్ గెజెటీర్, ఆ ఏడాది చివరికి ఈ రెండు ఊళ్ళూ తాత్కాలికంగా లేకుండా పోయాయనే రాసింది. నేను ఆ పేజీ చదివింది వక్రాలో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని. కింద సూక్‌లో దీపాలు, సముద్రం ఒడ్డున పిల్లల కేరింతలు. ఈ ఊరే ఒకప్పుడు లేకుండా పోయిందంటే ఒళ్ళు జలదరించింది.

మరి సముద్రపు శాంతికి పూచీ మాది అన్న బ్రిటిష్ వాళ్ళేరి? వెంటనే ఏమీ చేయలేదు. నెలలు గడిచాయి. ఆఖరికి 1868 జూన్‌లో ఖతార్ తెగల వాళ్ళే పడవలు కట్టుకుని బహ్రెయిన్ మీదకి వెళ్ళారు. ఘోరమైన యుద్ధం. రెండు పక్కలా కలిపి సుమారు వెయ్యి మంది చనిపోయారని, 60 ఓడలు నాశనమయ్యాయని చెబుతారు. అప్పుడు చేజిక్కిన బహ్రెయిన్ పెద్దల్ని అప్పగించి జాసిమ్‌ని విడిపించుకున్నారని ఖతార్ చరిత్రకారులు రాస్తారు.

దాడి జరిగినప్పుడు కదలని బుషెహర్ రెసిడెంట్, ఎదురుదాడి జరిగాక కదిలాడు. సముద్రం మీద యుద్ధం ఇలా సాగితే మొత్తం గల్ఫ్ అంటుకుంటుందని ఆయనకి అర్థమైంది.

కర్నల్ పెల్లీ వచ్చాడు

ఆ రెసిడెంట్ పేరు లెఫ్టినెంట్ కర్నల్ లూయిస్ పెల్లీ. 1865లో రియాద్ దాకా ప్రయాణించి సౌదీ అమీర్‌ని కలిసి వచ్చిన మొండిఘటం. ఈయనే తర్వాత 1870లలో బరోడా వెళ్ళి, అక్కడి రెసిడెంట్ మీద విషప్రయోగం కేసులో గైక్వాడ్ మల్హార్ రావుని గద్దె దింపిన వ్యవహారం కూడా నడిపాడు. రాజుల్ని దింపడంలో, ఎక్కించడంలో చెయ్యి తిరిగినవాడన్నమాట.

1868 సెప్టెంబర్ మొదటి వారంలో యుద్ధనౌకలతో బహ్రెయిన్ చేరాడు. పాలకుడు మొహమ్మద్ బిన్ ఖలీఫా అప్పటికే పారిపోయాడు. పెల్లీ ముహర్రక్ కోటని పడగొట్టించి, యుద్ధపు ఓడలు తగలబెట్టించి, పారిపోయినవాడి తమ్ముడు అలీని గద్దె మీద గుర్తించి, లక్ష డాలర్ల జరిమానా రాయించుకున్నాడు. ఇవి అమెరికా డాలర్లు కావు, ఆనాడు గల్ఫ్‌లో చెల్లే వెండి నాణేలు.

అక్కడి నుంచి ఓడలు వక్రా వైపు తిరిగాయి. ఇక్కడ పెల్లీకి ఒక చిక్కు వచ్చింది. ఇన్నాళ్ళూ ఖతార్ గురించి ఏదైనా మాట్లాడాలంటే బహ్రెయిన్ పాలకుడితో మాట్లాడేవారు. ఆ పాలకుడే ఖతార్‌ని తగలబెట్టాడు. ఇక ఖతార్ తరఫున పూచీ ఎవరు? మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆయనకి ఒక సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్ కావాలి. పది తెగలతో పది ఒప్పందాలు రాసుకుంటే అమలు చేసేదెవరు? తీరం మొత్తంలో అందరూ మాట వినే మనిషి ఎవరా అని చూస్తే, ఎనభై ఏళ్ళ ఈ ముత్యాల వ్యాపారి కనిపించాడు.

1868 సెప్టెంబర్ 12న మొహమ్మద్ బిన్ థానీ ఆ కాగితం మీద ఒప్పుకోలు ఇచ్చాడు.

ఆ కాగితంలో ఏముంది?

ఒక దేశం పుట్టుకకి మూలమైన పత్రం కదా, గొప్ప గొప్ప మాటలు ఉంటాయనుకున్నాను. చదివితే నవ్వొచ్చింది. ఇంగ్లీష్ ప్రతిలో ఆయన పేరు 'మహమద్ బిన్ సానీ', ఊరు 'గుత్తుర్'. ఖతార్‌కి వచ్చిన తిప్పలు అవి! తొందరగా చదివితే మన గుంటూరు అనుకోవాల్సిందే.

మొత్తం ఐదు షరతులు. క్లుప్తంగా ఇవి.

మొదటిది, దోహాకి తిరిగి వెళ్ళి అక్కడ ప్రశాంతంగా నివసిస్తాను. రెండోది, యుద్ధం చేసే ఉద్దేశంతో ఎప్పుడూ సముద్రం మీదకి వెళ్ళను, తగాదా వస్తే రెసిడెంట్‌కి చెబుతాను. మూడోది, పారిపోయిన బహ్రెయిన్ పాలకుడికి సాయం చేయను. నాలుగోది, అతను నా చేతికి చిక్కితే రెసిడెంట్‌కి అప్పగిస్తాను. ఐదోది, కొత్త బహ్రెయిన్ పాలకుడితో ఇదివరకటి సంబంధాలే కొనసాగిస్తాను, డబ్బు విషయంలో గానీ మరోదానిలో గానీ తేడా వస్తే రెసిడెంట్‌కే నివేదిస్తాను.

గమనించారా? అన్నీ ఆయన చేసే వాగ్దానాలే. మళ్ళీ దాడి జరిగితే మేం కాపాడతాం అని బ్రిటిష్ వాళ్ళు ఒక్క ముక్క రాయలేదు. ఆయన్ని ఖతార్ రాజు అని కూడా ఎక్కడా అనలేదు. ముందురోజు పెల్లీ ఖతార్ తీరంలోని షేక్‌లందరికీ ఇంకో లేఖ రాశాడు. ఈయన తన తెగతో దోహాకి తిరిగి వెళ్తున్నాడు, ఎవరూ ఆయన జోలికి పోవద్దు అని దాని సారాంశం. మరుసటి రోజు ఏటా కట్టవలసిన కప్పం లెక్క రాశారు, మొత్తం 9,000 క్రాన్‌లు. క్రాన్ అంటే ఆనాటి పర్షియా వెండి నాణెం. అది రెసిడెంట్ ద్వారా బహ్రెయిన్‌కి చేరాలి.

బహ్రెయిన్ వాళ్ళు దీన్ని చూపించి, కప్పం కట్టారు కాబట్టి ఖతార్ మా కిందదే అన్నారు. ఖతార్ వాళ్ళు, అది సౌదీల నుంచి, నయీమ్ తెగ నుంచి రక్షణకి కట్టిన సొమ్ము తప్ప బహ్రెయిన్‌కి లొంగినట్టు కాదు అన్నారు. ఒకే కాగితం, రెండు అర్థాలు.

మరి అంత చిన్న కాగితానికి అంత విలువ ఎందుకు? 1821లో దోహా మీద ఫిరంగులు పేలినప్పుడు ఆ ఊరికి ఒప్పందంలో గొంతు లేదు. 1868లో మొదటిసారి, ఖతార్ సంగతి ఖతార్ మనిషితోనే మాట్లాడారు. బహ్రెయిన్‌తో తగాదా వస్తే తీర్పు చెప్పేది ఇక బహ్రెయిన్ కాదు. బ్రిటిష్ వాళ్ళు తమ సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటులో ఆ పెద్దాయన సంపాదించుకున్నది అంతే. కానీ అది తక్కువేమీ కాదు.

ఇదే మన దగ్గర జరిగినప్పుడు

ఇక్కడ మీకో సందేహం రావచ్చు. పరాయి ఓడలు వచ్చి సంతకం పెట్టించుకుంటే నాయకుడైనవాడు కీలుబొమ్మే కదా అని. కాబూల్ వార్తలు ఇరవై ఏళ్ళు విన్న తరం మనది. 2001లో అమెరికా సేనలు దిగాక జర్మనీలోని బాన్‌లో కూర్చుని హమీద్ కర్జాయ్‌ని ఎంపిక చేశారు. అలా మొదలైన ఏర్పాటు 2021లో ఆ సేనలు వెళ్ళిపోతుంటేనే కూలిపోయింది. కాబట్టి సందేహం సబబే.

అంత దూరం కూడా ఎందుకు, మన తెలుగు నేల మీదే ఇలాంటిది జరిగింది. 1751 ఫిబ్రవరిలో కడప సీమలో నిజాం గద్దెకి కొత్తగా వచ్చిన ముజఫర్ జంగ్ యుద్ధంలో చనిపోయాడు. వెంట ఉన్న ఫ్రెంచ్ సేనాని బుస్సీ, అదే శిబిరంలో కాపలా మధ్య ఉన్న సలాబత్ జంగ్‌ని తీసుకొచ్చి నిజాం చేశాడు. పొద్దున బందీ, సాయంత్రానికి దక్కను పాలకుడు! ఆ రుణం తీర్చడానికి 1753లో ఉత్తర సర్కారులు, అంటే కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం ప్రాంతాలు, సైన్యం జీతాల కోసం ఫ్రెంచ్ వాళ్ళకి రాసిచ్చాడు. 1757 బొబ్బిలి యుద్ధంలో బుస్సీ ఫిరంగులు పేలింది ఆ అధికారంతోనే. ఫ్రెంచ్ వాళ్ళు బుస్సీని వెనక్కి పిలిచారు. 1759లో ఇంగ్లీష్ వాళ్ళు మచిలీపట్నం పట్టుకోగానే సలాబత్ జంగ్ వాళ్ళతో సంధి చేసుకున్నాడు. 1762 నాటికి తమ్ముడు నిజాం అలీ ఖాన్ అతన్ని గద్దె దింపి బీదర్‌లో బంధించాడు. మరుసటి ఏడాది అక్కడే పోయాడు.

సలాబత్ జంగ్‌కీ మొహమ్మద్ బిన్ థానీకీ తేడా ఎక్కడుంది? ఇద్దర్నీ ముందుకి తెచ్చింది విదేశీ ఆయుధమే. సలాబత్ జంగ్‌కి బుస్సీ తప్ప వెనక ఎవరూ లేరు. ఆ ఆసరా తీసేయగానే కూలిపోయాడు. మొహమ్మద్ బిన్ థానీ సంగతి వేరు. పెల్లీ రావడానికి ఇరవై ఏళ్ళ ముందు నుంచే దోహా జనం తగాదాలకి ఆయన గుమ్మం తొక్కేవారు. దాడిలో ధ్వంసమైంది ఆయన ఊరే, బందీ అయింది ఆయన కొడుకే. పెల్లీ ఓడలు వెళ్ళిపోయిన మర్నాడు కూడా ఆయనకి ఆ జనం ఉన్నారు. యుద్ధనౌక ఆయనకి సంతకం పెట్టే చోటు ఇచ్చింది. నాయకత్వం అంతకు ముందే ఉంది.

ఒకే కుటుంబం, రెండు జెండాలు

అసలు పరీక్ష మూడేళ్ళకే వచ్చింది. 1871లో ఒట్టోమన్ టర్కీ సైన్యం తూర్పు అరేబియాలో దిగింది. దోహాకి టర్కీ జెండాలు పంపింది. పెద్దాయన తటపటాయించాడు, బ్రిటిష్ వాళ్ళకి మాట ఇచ్చి ఉన్నాడు. కొడుకు జాసిమ్ మాత్రం తీసుకున్నాడు. కొడుకు ఇంటి మీద టర్కీ జెండా, తండ్రి ఇంటి మీద పాత అరబ్ జెండా!

మన ఊళ్ళలో అన్న ఒక పార్టీలో, తమ్ముడు ఇంకో పార్టీలో ఉండి ఎవరు గెలిచినా కుటుంబానికి ఢోకా లేకుండా చూసుకోవడం మనకి తెలిసిన విద్యే కదా. ఇది ముందే అనుకుని చేశారో, నిజంగానే తండ్రీకొడుకులకి పడలేదో గానీ ఫలితం మాత్రం బాగుంది. బ్రిటిష్ వాళ్ళు రాసుకున్న కాగితం ఒక చేతిలో, టర్కీ దండు ఒక పక్కన. బహ్రెయిన్ ఇక కదలలేకపోయింది.

ఆ ఏడాది చివర్లో టర్కీ దండు దోహాలో మకాం వేసింది. 1876లో జాసిమ్‌కి కైమకామ్ అనే జిల్లా అధికారి పదవి ఇచ్చారు. 1878 డిసెంబర్ 18న మొహమ్మద్ బిన్ థానీ కన్నుమూశాడు. జాసిమ్ పగ్గాలు పూర్తిగా చేపట్టాడు.

మావాడి ప్రశ్నకి జవాబు అదే. డిసెంబర్ 18 తండ్రి పోయిన రోజు, కొడుకు వచ్చిన రోజు.

జాసిమ్ కూడా సలాబత్ జంగ్ కాలేదు. పన్నుల దగ్గర, కస్టమ్స్ దగ్గర టర్కీతో ఏళ్ళ తరబడి పేచీ పెట్టాడు. 1893లో బస్రా గవర్నర్ హాఫిజ్ పాషా దండుతో దిగి, చర్చలకి వెళ్ళిన జాసిమ్ తమ్ముడు అహ్మద్‌ని, మరికొందరు పెద్దల్ని ఓడలో బంధించాడు. పాతికేళ్ళ క్రితం బహ్రెయిన్‌లో తనకి జరిగిందే తమ్ముడికి జరిగింది. పదివేల లీరాలు ఇస్తాను వదలమని జాసిమ్ అడిగితే పాషా వినలేదు. దోహాకి పడమట ఉన్న వజ్బా కోట దగ్గర మార్చిలో యుద్ధం జరిగింది. టర్కీ దళం ఓడి వెనక్కి వెళ్ళింది. తమ్ముడూ పెద్దలూ విడుదలయ్యారు, పాషా ఉద్యోగం పోయింది. జాసిమ్ 1913లో చనిపోయేదాకా ఖతార్ పెద్దగా నిలిచాడు. చివరి రోజుల్లో ఆయన ఉన్నది లుసైల్‌లో, ఇప్పటి మన రెడ్ లైన్ ఆఖరి స్టేషన్ ఉన్న చోట.

ఇదంతా వీరగాథ అనుకోవద్దు. ఇదే జాసిమ్ 1880లలో దోహాలోని మన భారతీయ బనియా వర్తకుల్ని వెళ్ళగొట్టడానికి ప్రయత్నించి బ్రిటిష్ వాళ్ళతో గొడవ తెచ్చుకున్నాడు. మనవాళ్ళ దుకాణాలు ఈ గడ్డ మీద అప్పటికే ఉన్నాయని, పాలకుడి మూడ్ మీద వాళ్ళ బతుకు ఆధారపడి ఉండేదని దీన్ని బట్టి తెలుస్తోంది. ఇక బహ్రెయిన్ చరిత్రకారులు ఈ కథని వేరే రకంగా చెబుతారు. వాళ్ళ దృష్టిలో ఇది తమ రాజ్యంలో ఒక ముక్కని పరాయివాళ్ళు విడదీసిన కథ.

కాగితం బతికింది

తర్వాతి కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. 1915లో చివరి టర్కీ సైనికుడు దోహా వదిలాడు. 1916 నవంబర్ 3న జాసిమ్ కొడుకు అబ్దుల్లా బ్రిటిష్ వాళ్ళతో అసలైన ఒప్పందం చేసుకున్నాడు. ఈసారి సముద్రం వైపు నుంచి దాడి వస్తే కాపాడతామని వాళ్ళు రాసిచ్చారు. తాత సంతకానికి దొరకని హామీ మనవడికి 48 ఏళ్ళ తర్వాత దొరికింది. దానికి బదులు విదేశీ వ్యవహారాలు బ్రిటిష్ వాళ్ళ చేతిలో పెట్టవలసి వచ్చింది. ఊరికే వచ్చేది ఏముంది! 1971 సెప్టెంబర్ 3న పూర్తి స్వాతంత్ర్యం వచ్చింది.

1868 కాగితం అప్పటికీ చావలేదు. హవార్ దీవులు, జుబారా ఎవరివన్న ఖతార్, బహ్రెయిన్‌ల కేసు అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళినప్పుడు, పెల్లీ నాటి ఒప్పందాల్ని రెండు పక్కలా తిరగేశారు. 2001 మార్చి 16న తీర్పు వచ్చింది. హవార్ బహ్రెయిన్‌కి, జుబారా ఖతార్‌కి. 1868 తర్వాత జుబారా మీద ఖతార్ షేక్ అధికారం క్రమక్రమంగా స్థిరపడిందని కోర్టు చెప్పింది. ఒక పెద్దాయన ఒప్పుకోలు 133 ఏళ్ళ తర్వాత హేగ్‌లో సాక్ష్యం చెప్పిందన్నమాట.

2007లో ఖతార్ ప్రభుత్వం జాతీయ దినాన్ని డిసెంబర్ 18గా నిర్ణయించింది. మా దేశం 1971లో బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోతే పుట్టింది కాదు, అంతకు ముందే మా వాళ్ళు కట్టుకున్నది అని చెప్పడం అందులో ఉంది. తండ్రి సంతకం చేసిన సెప్టెంబర్ 12ని ఎందుకు ఎంచుకోలేదని నేనూ ఆలోచించాను. నాకు తోచింది ఇది. సెప్టెంబర్ 12న పక్కన యుద్ధనౌకలు ఉన్నాయి. డిసెంబర్ 18న ఎవరూ లేరు. తండ్రి పోయాడు, కొడుకు నిలబడ్డాడు, అంతే. ఒక తేదీని ఎంచుకోవడంలో ఎంత రాజకీయం ఉంటుందో, సెప్టెంబర్ 17ని విమోచనం అనాలా విలీనం అనాలా అని తేల్చుకోలేని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి శుక్రవారం మావాణ్ణి వక్రా పాత సూక్ వెనక సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి ఈ కథ చెప్పాను. వాడు అంతా విని, "మరి ఆ తాత రాజు అని ఎవరూ రాయకపోతే రాజెలా అయ్యాడు?" అన్నాడు.

"ఊరు కాలిపోయాక అందరికన్నా ముందు తిరిగి వెళ్తానని రాసిచ్చాడురా. మొదటి షరతు అదే" అన్నాను.

వాడికి ఎంత అర్థమైందో తెలియదు. నాకు మాత్రం ఆ ఐదు షరతుల్లో మొదటిదే మనసులో ఉండిపోయింది. మనందరం కూడా ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టి ఊరు వదిలి వచ్చినవాళ్ళమే. ఆయన సంతకం పెట్టింది మాత్రం సొంత ఊరికి తిరిగి వెళ్ళడానికి. ఈసారి డిసెంబర్ 18న సెలవు తీసుకున్నప్పుడు, కార్నీష్‌లో బాణసంచా చూశాక, ఒకసారి రెడ్ లైన్ ఎక్కి ఆ మూడు స్టేషన్లూ చూసి రండి. పిల్లలు అడిగితే చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గర కూడా ఒక కథ ఉంది.